పగటిపూట చెప్పిన కథ

మొన్న ఆదివారం రాజమహేంద్రవరంలో హస్తకళల ఎగ్జిబిషన్‌కి వెళ్ళి, నలుగురూ చూస్తుండగా ఒక లేసు టేబుల్ క్లాత్‌ని ముక్కుకి ఆనించుకుని వాసన చూశాను. అమ్మే పిల్ల బిత్తరపోయింది. "మేడం, కొత్తదేనండి, వాడింది కాదండి," అంది. కొత్తదని నాకు తెలీదా! ఉతికి, గంజి పెట్టి, గుండుసూదులు గుచ్చి సాగదీసి ఎండబెట్టిన లేసుకి ఒక వాసన ఉంటుంది. పలచటి గంజి, బాగా కాసిన ఎండ, అల్లినవాళ్ళ చేతి తడి కొంచెం. హైస్కూల్లో పాతికేళ్ళుగా సైన్సు చెబుతున్నదాన్ని, ఇంటికెళితే ఇద్దరు పిల్లల తల్లిని, ఆ స్టాలు ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పిల్లకి జాలేసినట్టుంది, ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసింది. కూర్చున్నాను. కూర్చున్నాక మంగాయమ్మ అత్తయ్య గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదే అనిపించింది. చెప్పకపోవడానికి కారణం బద్ధకం కాదు. అందులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని ఉంది.

మాది మొగల్తూరు. మా ఎదురిల్లు మంగాయమ్మ అత్తయ్యది. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నని 'తమ్ముడూ' అని పిలిచేది కాబట్టి నాకు అత్తయ్య అయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, పొద్దస్తమానం అరుగు మీద కాళ్ళు చాపుకుని లేసు అల్లేది. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. ఆ సూది ఎంత వేగంగా ఆడేదంటే, చూస్తూ కూర్చుంటే మనకే కళ్ళు తిరిగేవి. నేను స్కూలు నుంచి రాగానే సంచి విసిరేసి ఆ అరుగెక్కేదాన్ని. నాకూ ఒక సూది ఇచ్చి గొలుసు అల్లడం నేర్పింది. నేను అల్లింది చూసి, "ఇదేంటే, వానపాము మెలికలు తిరిగినట్టుంది," అనేది. అంటూనే తప్పు పడ్డ ముడి దాకా విప్పేసి మళ్ళీ నా చేతికిచ్చేది. తప్పు మీద తప్పు అల్లుకుంటూ పోతే ఊరుకునేది కాదు. ఎంత దూరం వచ్చేసినా సరే, విప్పాల్సిందే. ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు.

అయితే నేను ఆ అరుగెక్కింది లేసు కోసమా? కథల కోసం. సందెవేళ దారం కంటికి ఆననంత చీకటి పడగానే ఆవిడ అల్లిక పక్కన పెట్టి, లోపలికెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చి, "ఆఁ, ఎక్కడిదాకా వచ్చామే?" అనేది. నేను ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ ఆగిందన్నమాటే. 'నిద్రపోయిందానికి కథ ఎందుకు, దండగ' అని లేచిపోయేది. మధ్యలో ఆవలింత వస్తే దాన్ని మింగేసి మరీ ఊఁ కొట్టేదాన్ని.

ఆ ఏడాది వానాకాలమంతా ఒకే కథ. ముత్యాలు అనే పిల్ల కథ. ఆవిడే అల్లుతోందో, ఎవరి దగ్గరైనా విందో తెలీదు. సముద్రం మధ్యలో ఒక దీవి, అందులో ఉప్పు మాంత్రికుడు. వాడి గడప తొక్కినవాళ్ళు ఉప్పుబొమ్మలైపోతారు. ముత్యాలు వాళ్ళ అన్న చేపల వేటకెళ్ళి, దారి తెలీక ఆ గడప తొక్కాడు. ఇప్పుడతను ఆ వాకిట్లో తెల్లగా నిలబడి ఉన్నాడు. కళ్ళు మాత్రం కదులుతాయి. వాన పడిందా, కరిగిపోతాడు. ఆ దీవి మీద నూరేళ్ళకొక్కసారి వాన. ఆ నూరేళ్ళూ నిండడానికి ఏడు రోజులే ఉన్నాయి. ముత్యాలు ఆ ఏడు రోజుల్లో సముద్రం దాటాలి. అయ్యబాబోయ్, నాకు అన్నం సయించేది కాదు! బయట వాన మొదలైతే చాలు, అన్న కరిగిపోతున్నాడేమో అని చూరు కిందకి పరిగెత్తేదాన్ని. మా అమ్మ నా మొహం చూసి, "మంగాయమ్మ వదినా, ఇదేమైనా తినేలా ఉండే కథ చెప్పండి తల్లీ," అని అరుగు దగ్గరకొచ్చి మొరపెట్టుకుంది.

పగటిపూట మాత్రం ఒక్క ముక్క చెప్పేది కాదు. ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడేదాన్ని.

"చెప్పండత్తయ్యా, కొంచెం, ఒక్క రవ్వ."

"తప్పమ్మా. పగలు కథ చెబితే మేనమామలు దారి తప్పుతారు."

"ఎవరి మేనమామలండి?"

"చెప్పినవాళ్ళ మేనమామలూ, విన్నవాళ్ళ మేనమామలూ. ఇంక అడక్కు."

ఈ మాట మా ఊళ్ళో చాలామంది ముసలివాళ్ళు అనేవాళ్ళు. పనులు మానుకుని పగలు కథలు చెప్పుకుంటూ కూర్చుంటారని పెట్టి ఉంటారు. మిగతావాళ్ళు నవ్వుతూ అనేవాళ్ళు, ఈవిడ నవ్వేది కాదు. అదొక్కటే తేడా. నాకా, ఒక్కగానొక్క మేనమామ. సత్తిబాబు మావయ్య. మా అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు, వ్యాను నడిపేవాడు. కాకినాడ వెళ్ళి చెరువులకి రొయ్యపిల్ల తెచ్చేవాడు. వచ్చేటప్పుడు నాకోసం కోటయ్య కాజా తేకుండా ఒక్కసారి కూడా రాలేదు. ఆ మావయ్య దారి తప్పడమే! నోరు మూసుకుని సాయంత్రం దాకా ఆగేదాన్ని.

ఆ రోజు కథ ఎక్కడ ఆపిందో చూడండి. ముత్యాలు పడవ దీవికి తగిలింది. దూరంగా వాకిట్లో అన్న తెల్లగా కనబడుతున్నాడు. అతని కళ్ళు ఆకాశంకేసి తిరిగాయి. ముత్యాలు కూడా తలెత్తి చూసింది. ఒక్క మబ్బు. అంతే. "ఇక రేపు," అని లేచిపోయింది మహాతల్లి.

మర్నాడు స్కూల్లో మధ్యాహ్నం మా టీచరుగారు సెలవు. క్లాసంతా వరండాలో కూర్చున్నాం. నా పక్కన కూర్చునే పద్మకి ఈ కథంతా రోజూ నేనే చెబుతుండేదాన్ని, సాయంకాలం ఇంటికి నడిచెళ్ళేటప్పుడు. సాయంకాలం పగలు కిందకి రాదని నా లెక్క. "తర్వాతేమైందే?" అంది. తెలీదని చెప్పచ్చుగా? చెప్పలేదు. పదిమంది చుట్టూ చేరి నా మొహంకేసే చూస్తుంటే, తెలీదు అనడానికి నోరు రాలేదు. మొదలెట్టాను. నా సొంతంగా. మిట్టమధ్యాహ్నం. వాన దింపేశాను. మొదట అన్న చేతివేళ్ళు కరిగాయన్నాను. తర్వాత చెవులు. ముత్యాలు పరిగెడుతోంది, ఇసకలో కాళ్ళు దిగబడుతున్నాయి, అతని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. చేరేసరికి వాకిట్లో గుంటెడు ఉప్పునీళ్ళు. పద్మ భోరుమంది. మిగతావాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చారు. నిజం చెబుతున్నాను, అంత సంతోషం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. పదిమందిని నా మాటతో ఏడిపించగలిగాను! ఇంటికి గెంతుకుంటూ వెళ్ళాను.

ఇంటికెళితే మావయ్య రాలేదు. మధ్యాహ్నానికల్లా వస్తానని చెప్పి వెళ్ళినవాడు. "పంటు ఆలస్యమై ఉంటుంది," అన్నాడు నాన్న. నరసాపురం రేవులో వ్యాన్లని గోదావరి దాటించేది పంటే. అప్పుడు తగిలింది నాకు. పగలు. కథ. మేనమామ. అన్నం ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాను. ఆ సాయంత్రం నేను అరుగెక్కలేదు. ఒంట్లో బాగాలేదన్నాను. మర్నాడు పొద్దున్నుంచీ వాన. నాన్న సైకిలు మీద రేవుదాకా వెళ్ళి తడిసి ముద్దై వచ్చాడు. గోదారి ఉరవడికి పంటు ఆపేశారట, వ్యాను అవతలొడ్డున కూడా లేదట, ఎవరూ చూడలేదట. ఇంట్లో ఫోన్లున్న రోజులు కావవి. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి వచ్చేపోయే బళ్ళకేసి చూస్తోంది. ఏడవడం లేదు గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. అదంతా నావల్లేనని నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు. తెలిస్తే ఏమవుతుందో అని అమ్మ కంటపడకుండా పెరట్లోనే తిరిగాను.

మూడోనాటి మధ్యాహ్నానికి ఇక తట్టుకోలేకపోయాను. వీధి దాటి అరుగెక్కాను.

"అత్తయ్యా, నేను పగలు కథ చెప్పేశానండి."

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. అది ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. మొహం తెల్లబోయింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది.

"ఎవరికి చెప్పావు?"

"బళ్ళో. పద్మకీ, వాళ్ళందరికీ."

"ఎక్కడిదాకా చెప్పావు?"

"అన్న కరిగిపోయాడండి," అని ఘొల్లుమన్నాను.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. ఈ సంగతి మా అమ్మకి చెప్పుంటే, "కథకీ మావయ్యకీ ఏంటే సంబంధం, పిచ్చి మొహమా," అని దగ్గరికి తీసుకునేది. నాన్నయితే నవ్వేసేవాడు. ఇద్దరూ నిజమే చెప్పినట్టు. నేను వాళ్ళని నమ్మేదాన్ని కాదు, అంతే. మంచం కింద దూరి ఇంకో నాలుగు రోజులు ఏడ్చి, ఆ తర్వాత ఆ భయాన్ని ఎక్కడో లోపల దాచిపెట్టుకునేదాన్ని. మంగాయమ్మ అత్తయ్య నవ్వలేదు, తిట్టలేదు. పైట కొంగుతో నా ముక్కు తుడిచి, "సరే. తప్పు పడింది. ఎక్కడ పడిందో అక్కడిదాకా విప్పుదాం. దీపం పెట్టనీ," అంది. "అందాకా ఇక్కడే కూర్చో. ఇంటికెళ్ళి ఏడవకు."

దీపం పెట్టాక వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "చెప్పు," అంది. నేను చెప్పాలట, ఆవిడ ఊఁ కొడుతుందట. నేను గబగబా, "అన్న కరిగిపోలేదు, అంతా కల, లేచి కూర్చున్నాడు," అన్నాను. ఊఁ రాలేదు.

"అలా కుదరదమ్మా. పదిమంది విన్నారు, పదిమంది ఏడ్చారు. జరిగిపోయింది. వాన పడింది. ఇప్పుడు ముత్యాలు ఏం చేస్తుందో చెప్పు."

"ఏం చేస్తుందండి? ఉప్పునీళ్ళే కదా మిగిలింది!"

"ఉప్పు నీళ్ళలో పడితే ఎక్కడికి పోతుందే?"

నాకు ఠక్కున మా ఊరి కింద ఉప్పుమళ్ళు గుర్తొచ్చాయి. నాన్నతో సైకిలు మీద వెళ్ళినప్పుడు చూశాను. సముద్రపు నీళ్ళు పెడతారు, ఎండ కాస్తుంది, నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. ఎక్కడికీ పోదు! అందులోనే ఉంటుంది! ముత్యాలు చుక్క పోకుండా ఆ నీళ్ళని దోసిళ్ళతో కుండకెత్తిందన్నాను. ఊఁ. కుండ పగిలింది, మళ్ళీ ఎత్తిందన్నాను. ఊఁ. ఎండలో పెట్టి ఏడు రోజులు కాపలా కాసింది, కాకిని వాలనివ్వలేదు. ఊఁ. ఉప్పు తేలింది.

"ఉప్పొచ్చింది సరే. మనిషెలా వస్తాడు?"

ఆలోచించాను. వీధి అవతల మా గుమ్మంలో అమ్మ ఇంకా నిలబడే ఉంది. మావయ్యని ఊరంతా సత్తిబాబు అంటారు, అమ్మ ఒక్కతే 'చంటీ' అంటుంది. "ముత్యాలు వాళ్ళన్నని ఇంట్లో పిలిచే పేరు పెట్టి పిలిచిందండి. ఆ పేరు మాంత్రికుడికి తెలీదు. అందుకని వాడి మంత్రం దాని మీద పనిచెయ్యదు," అన్నాను. అత్తయ్య ఊఁ కొట్టడం మర్చిపోయింది. తల మాత్రం ఊపింది. ఆ పూట ఆవిడింట్లోనే చారన్నం తిని, ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఈ రోజుకీ పిల్లలకి ఉప్పు కరగడం, నీరు ఆవిరవడం పాఠం చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం మారుతుంది. ఎందుకో వాళ్ళకి తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం మావయ్య వ్యాను వచ్చింది. గడ్డం మాసి, బురద కొట్టుకుని, రెండు పెద్ద కాజా పొట్లాలు పట్టుకుని దిగాడు. పంటు లేదన్నారని రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వద్దామనుకున్నాడట. రోడ్డు మీద నీళ్ళున్నాయని ఎవరో లోపలి దారి చూపించారట. "ఆ గోదారి లంకల్లో పడి దారి తప్పానే అక్కా! ఎటెళ్ళినా కాలవే. వ్యాను దిగబడిపోతే రెండ్రోజులు ఎవరిదో కొబ్బరితోటలో ఉన్నాను," అంటున్నాడు నవ్వుతూ. దారి తప్పానే అన్న మాట విని నేను స్తంభం చాటుకి పోయాను. మంగాయమ్మ అత్తయ్య వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. మావయ్య చేతులు, భుజాలు, మొహం తడిమి తడిమి చూసింది. తర్వాత, "వెధవా, చెప్పాపెట్టకుండా ఎటు పోయావురా, కడుపులో పేగులు తోడేశావు కదరా," అని అందరి ముందూ ఎడాపెడా తిట్టి, మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మా అమ్మే ఆవిడకి మంచినీళ్ళిచ్చి ఓదార్చాల్సొచ్చింది. ఎదురింటావిడకి ఇంత ప్రేమేంటా అని అందరూ తలో మాటా అనుకున్నారు.

తర్వాత ఒకరోజు అడిగాను. "అత్తయ్యా, నేను కథ సరిచేశాను కాబట్టే మావయ్య వచ్చాడాండి?"

"ఏమోనమ్మా. నువ్వు చెయ్యాల్సింది చేశావు. ఇక ఆ బెంగ వదిలెయ్," అంది. అవుననలేదు, కాదనలేదు. ముత్యాలు కథ మాత్రం నేను అల్లినచోటు నుంచే ముందుకు తీసుకెళ్ళింది. నా చేతిపని ఆవిడ పనిలో కలిసిపోయింది కదా అని నెలరోజులు మెడ నిక్కించుకుని తిరిగాను.

నేను పెద్దదాన్నయ్యాను. రాజమహేంద్రవరంలో డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం, పెళ్ళి. పగలు కథ చెబితే ఎవరూ దారి తప్పరని ఎప్పుడు తెలుసుకున్నానో గుర్తు కూడా లేదు. పాలపళ్ళు ఊడినట్టు, నొప్పి తెలీకుండా పోయింది ఆ నమ్మకం. కొన్నేళ్ళ క్రితం మొగల్తూరులో పెళ్ళికెళ్ళి, బస్సుకింకా గంట ఉందని అత్తయ్య దగ్గరకి వెళ్ళాను. డెబ్భై దాటింది. చూపు బాగా తగ్గింది. అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని పిల్లల గురించి, మావయ్య మనవల గురించి అడిగింది. ఉన్నట్టుండి, "నాకూ ఒక మావయ్య ఉండేవాడే వరాలూ," అంది.

అప్పుడు చెప్పింది. తనకప్పుడు తొమ్మిదేళ్ళట. వీధిలో పిల్లలందరినీ పోగేసి మిట్టమధ్యాహ్నం కథ చెబుతోందట. ఆ మధ్యాహ్నమే వాళ్ళ మేనమామ గడ్డి తేవడానికి బండి కట్టుకుని సముద్రం వైపు ఊళ్ళకి వెళ్ళాడట. సాయంత్రానికి పెద్ద గాలివాన. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు. వాళ్ళ అమ్మమ్మ ఏడుస్తూ ఏడుస్తూ, "పట్టపగలు కథలు చెప్పి నా కొడుకుని పోగొట్టావు కదే," అందట. "ఒక్కసారే అంది. ఆ తర్వాత నన్ను బాగానే చూసుకుంది, పాపం," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నువ్వు బాగా చదువుకున్నదానివి. నావల్లే పోయాడంటావా?"

నేనేం చేశానో తెలుసా? నవ్వాను. "అయ్యో, ఇన్నేళ్ళూ ఇది పెట్టుకుని కూర్చున్నారా అత్తయ్యా! అవన్నీ ఒట్టి మూఢనమ్మకాలండి," అన్నాను. అక్కడితో ఆగలేదు. సముద్రంలో వాయుగుండం ఎలా ఏర్పడుతుందో, గాలి ఎందుకు సుళ్ళు తిరుగుతుందో, పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చేతులు తిప్పుతూ చెప్పాను. ఆవిడ తల కొంచెం వంచి శ్రద్ధగా వింది. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

"అంతేలే అమ్మా," అంది. "పద, నీ బస్సు టైమవుతోంది."

వెళ్ళిపోయాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించాను కూడా! ఆ తర్వాత ఎనిమిది నెలలకి ఆవిడ పోయిందని మావయ్య ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడ్డాక అర్థమైంది, ఆ రోజు నన్ను ఏమడిగిందో. అరవై ఏళ్ళ కిందట తొమ్మిదేళ్ళ పిల్ల ఎవరి అరుగైనా ఎక్కి చెప్పుకుందామనుకున్న మాట అది. ఎక్కడానికి ఆ పిల్లకి ఏ అరుగూ దొరకలేదు. తనకి దొరకని అరుగుని నాకోసం తనే అమర్చి పెట్టింది. అంత చేసిన మనిషి చివరికి నన్ను అడిగితే, నేను పాఠం చెప్పి వచ్చేశాను.

పోయినేడాది మా ఆరో తరగతి పిల్లాడొకడు ఏడుస్తూ వచ్చాడు. పుస్తకంలో పెట్టుకున్న నెమలీక పోగొట్టుకున్నాడట, అందుకే వాళ్ళ తాతయ్యకి జబ్బు చేసిందట. సైన్సు టీచర్ని కదా, మూఢనమ్మకం అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. పక్కన బెంచీ మీద కూర్చుని, "ఎక్కడ పోయిందిరా? వెతుకుదాం పద," అన్నాను. ఇద్దరం స్కూలంతా గాలించాం. ఈక దొరకలేదు గానీ, వెతికి వెతికి వాడి ఏడుపు తగ్గింది. తాతయ్యకిష్టమైనవన్నీ నాకు చెప్పాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రికెళ్ళి ఆయన పక్కన కూర్చుంటానన్నాడు. ఇలాంటివి నాకిప్పుడు చేతనవుతున్నాయి. ఎవరు నేర్పారో కూడా తెలుసు. కానీ రావలసిన రోజున నాకది రాలేదు. ఆవిడ పక్కన ఒక్క గంట కూర్చున్నాను, బోలెడు మాట్లాడాను. ఆ మధ్యాహ్నం పిల్లలకి ఏ కథ చెబుతున్నారత్తయ్యా, ఎక్కడిదాకా వచ్చింది అని మాత్రం అడగలేదు.